అమ్మ వేళ్లకి బుడిపెలు, ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఎక్కువ: ఇది రుమటాయిడేనా?

ఉప్పల్ పిల్ల:
అమ్మకి 58. రెండేండ్ల నుంచి వేళ్ల చివరి కణుపుల మీద, గోరుకి జర కింద, బఠాణీ గింజంత గట్టి బుడిపెలు వచ్చినయ్. జొన్నరొట్టె కొడితే బొటనవేలు మొదట్ల గుంజుతదంట, పచ్చడి సీసా మూత ఇప్పుడు నాన్ననే తియ్యాలె. గల్లీ ల్యాబ్‌ల ప్యాకేజ్ టెస్టులు చేపిస్తే ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ అనే కీళ్లవాతం ఉందేమో చూసే రక్త పరీక్ష) 24, లిమిట్ 14 అని ఉంది. పక్కింటాంటీ చూసి "గిది రుమటాయిడే, జిందగీ మొత్తం మందులే" అన్నది, అప్పట్నుంచి అమ్మ సరిగ్గ తింటలేదు. ఎంఆర్‌ఐ తీపియ్యాల్నా?

ఫిజియో దిల్‌సుఖ్‌నగర్:
ఎంఆర్‌ఐ ఎందుకండీ, డబ్బులు దండగ. పొద్దున లేవగానే వేళ్లు ఎంతసేపు బిగుసుకుంటున్నాయో అడగండి. పిడికిలి బిగిస్తే ఎత్తుగా లేచే మెటికలు, మణికట్టు, ఇవి వాచాయా? రుమటాయిడ్ మామూలుగా వాటినే పట్టుకుంటుంది, వాపు నొక్కితే మెత్తగా ఉంటుంది, చివరి కణుపుల జోలికి పెద్దగా రాదు. బిగుసుడు అరగంటలోపు వదిలేసి మెటికలు బాగుంటే ఆస్టియో ఆర్థరైటిస్, అంటే కీళ్ల అరుగుదల, వైపే. మీరు చెప్పేవి హెబెర్డెన్ నోడ్స్ లాగున్నాయి, ఎముకే పెరుగుతుంది కాబట్టి గట్టిగా ఉంటాయి. బొటనవేలు మొదలు కూడా దాని అడ్డానే. ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఏ జబ్బూ లేనోళ్లకి కూడా కొంచెం పాజిటివ్ వస్తుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా.

కూకట్‌పల్లి అన్న:
మా అమ్మకి ఉల్టా అయింది చెల్లె. ఒక డాక్టర్ వయసు నొప్పులే అని ఏడాది పెయిన్ కిల్లర్లు రాసిండు, అమ్మ పొద్దున పదింటిదాకా జడ గూడ వేసుకోలేకపోతుండె. ఆఖరికి నిమ్స్ రుమటాలజీకి పోతే యాంటీ సీసీపీ (రుమటాయిడ్‌ని ఇంకా గట్టిగ పట్టిచ్చే రక్త పరీక్ష), ఒంట్ల వాపు చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ చేసి రుమటాయిడ్ అన్నరు. అందుకని ఒకసారి చూపియ్యి. గోళ్ల మీద సన్న గుంటలు, తలల పొలుసులు ఉన్నయా చూడు, సొరియాసిస్‌తోని వచ్చే వాతం గూడ చివరి కణుపులకే వస్తది.

ఉప్పల్ పిల్ల:
చూపించినం. అమ్మకి చాయ్ గ్లాస్ పట్టుకున్న పది నిమిషాలకే వేళ్లు వదులైతయ్, గోళ్లు మంచిగున్నయ్. మేడం రిపోర్ట్ పక్కకి పెట్టి ముందు ఒక్కొక్క కణుపు నొక్కి చూసింది, బొటనవేలు మొదట్ల పట్టి తిప్పితే అమ్మ "అబ్బా" అన్నది. తర్వాత ఎక్స్‌రే, కీలు సందు తగ్గింది, అంచులకి ఎముక ముళ్లు లేచినయ్. యాంటీ సీసీపీ నెగెటివ్. చేతుల ఆస్టియో ఆర్థరైటిసే అన్నది. మీ అమ్మకి ఇట్లనే ఉండెనా అని అడిగితే గప్పుడు గుర్తొచ్చింది మాకు, అమ్మమ్మ వేళ్లు అచ్చం ఇవే. బొటనవేలికి పట్టీ ఇచ్చింది, అది పెట్టుకోని రొట్టె కొట్టుడు ఎట్లనో ఇంకా తెల్వలే. రాత్రి మాత్రం కడుపునిండా తిన్నది.