కనిపెట్టడం అంటే ఎదురుచూడ్డమా, కనుక్కోవడమా?

అడ్వెంట్ (క్రిస్మస్‌కి ముందు వచ్చే ఎదురుచూపు కాలం) మొదలైంది కదా, రాత్రి బైబిల్ చదువుకుంటూ 130వ కీర్తన 6వ వచనం దగ్గర ఆగిపోయాను. కావలివారు ఉదయం కోసం "కనిపెట్టుట" కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అని. చిన్నప్పట్నుంచీ నోటికొచ్చిందే గానీ, సైంటిస్టులు మందు కనిపెట్టారు అనే మనకి ఇక్కడ కనిపెట్టడం ఏంటి? అనువాదం పాతబడిపోయిందా?

జవాబు: పాతబడలేదండీ, మనమే ఒక అర్థం వాడ్డం తగ్గించేశాం. "పిల్లాణ్ణి ఓ కంట కనిపెట్టుకుని ఉండు" అంటాం చూడండి, అదే ఇది, చూపు తిప్పకుండా ఉండటం. కళ్ళు మూసుకుని పడుకుని కూడా ఎదురుచూడొచ్చు, కనిపెట్టడం మాత్రం కుదరదు. బైబిల్లోనే యెషయా గ్రంథం 40:31లో "ఎదురు చూచువారు" అనే పెట్టారు, నాకైతే అక్కడ కూడా ఇదే ఉంటే బావుండేదనిపిస్తుంది.

ఇంకోటి, అడ్వెంట్ పడే టైం చూడండి. నవంబర్ 27, డిసెంబర్ 3 మధ్య వచ్చే ఆదివారంతో మొదలై నాలుగు ఆదివారాలు, ఉత్తరార్ధగోళంలో రాత్రి పెరుగుతూ పెరుగుతూ డిసెంబర్ 21, 22కి బాగా పొడవైపోతుంది, అంటే సీజన్ దాదాపు అంతా చీకటి ఎక్కువవుతూనే ఉంటుంది. చలిదేశాల్లో చెట్లన్నీ మోడులే, చచ్చిపోయాయేమో అనిపిస్తాయి. కానీ ఆపిల్ చెట్టుకి వచ్చే వసంతం మొగ్గలు ఆకు రాలకముందే కట్టేసి ఉంటాయి, పైగా సరిపడా చలి తగలకపోతే అవి సరిగ్గా విచ్చుకోవు. దూరం నుంచి ఏమీ కనపడదు, కొమ్మ దగ్గరకి లాక్కుని చూడాలి. యెషయా 11:1లో "యెష్షయి మొద్దునుండి చిగురు" (యెష్షయి అంటే దావీదు రాజు తండ్రి) అన్నది నాకు అలాగే అర్థమైంది. కనిపెట్టుకుని ఉన్నవాడే కనిపెడతాడు, అందుకే ఆ రెండర్థాలూ ఒకే మాటలో ఉండటం నాకు ఇబ్బందిగా లేదు.

జవాబు: బానే ఉంది గానీ ఆస్ట్రేలియాలో అడ్వెంట్ ఎండాకాలంలో వస్తుంది సార్, వాళ్ళకి మోడు ఎక్కణ్ణుంచి తెస్తారు?

జవాబు: 😄 నిజమే. కానీ కీర్తనలో మంచూ లేదు చలీ లేదు, రాత్రి కాపలా ఒక్కటే ఉంది. చలికాలం ఉన్నవాళ్ళకి అదొక సాయం, అంతే.

మొదట అడిగింది నేనే: థాంక్సండీ. లాటిన్‌లో అద్వెంతుస్ అంటే రాక కాబట్టి ఆగమన కాలం అన్నారు, అది వచ్చేవాడి వైపు నుంచి పెట్టిన పేరు. మన వైపు నుంచైతే "కనిపెట్టే కాలం" అనాలేమో, కాకపోతే పోస్టర్ మీద వేస్తే సైన్స్ ఫెయిర్ అనుకుని వస్తారు జనం.