టీ ధర తగ్గితే కూడా అమెరికావాళ్లు యుద్ధానికి ఎందుకు దిగారు?

టంగుటూరు కుర్రాడు:
డీఎస్సీకి సోషల్ చదువుతున్నా, ఒంగోల్లో రూమ్ తీసుకుని. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం దగ్గర బుర్ర ఆగిపోతోంది. నోట్సులో 1773 బోస్టన్ టీ పార్టీ, 1776 ప్రకటన, 1783 పారిస్ ఒప్పందం అని మూడు ముక్కలు రాసి వదిలేశారు. కానీ 1773 చట్టం వల్ల టీ చౌకైందని ఇంకోచోట చదివాను. చౌకైతే సంతోషంగా తాగాలి గానీ 342 పెట్టెలు సముద్రంలో పారబోయడం ఏంటి? తేదీలు వద్దు, అవి కంఠతా వచ్చు. అసలు సంగతి చెప్పండి.

కొండపి రైతు:
తమ్ముడూ, టీ పక్కనబెట్టి పొగాకు దగ్గర మొదలుపెట్టు. మనం పండించేదాన్ని వర్జీనియా అనే కదా అంటాం, అమెరికాలో అప్పటి బ్రిటిష్ వలస అయిన ఆ వర్జీనియా వాళ్ల కడుపుమంటలో పెద్ద భాగం ఇదే. వాళ్ల పొగాకును నచ్చిన దేశానికి నేరుగా అమ్ముకోకూడదు, చట్టం ప్రకారం బ్రిటన్‌కే పంపాలి. లండన్ వ్యాపారి అమ్మిపెట్టి, కమీషన్, ఓడ కిరాయి, సుంకం కోసుకుని, మిగిలినదాంతో వీళ్లడిగిన బట్టలూ సామానూ కొని పంపేవాడు, చాలకపోతే ఖాతాలో అప్పు రాసేవాడు. జార్జి వాషింగ్టన్ అంతటోడు ఈ అప్పులకు విసిగి 1760ల్లో పొగాకు మానేసి గోధుమ వేసుకున్నాడు. వేలంలో కొనేవాడు లేక నో బిడ్ పడి, పొగాకు బేళ్లు ట్రాక్టర్లో వెనక్కి తెచ్చుకున్నోళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే ఆ దొరలు మనలాంటి రైతులేం కాదు, చాకిరీ అంతా బానిసలది.

నెల్లూరు మాస్టారు (రిటైర్డ్):
రైతుగారు చెప్పింది వర్జీనియాకు సరిపోతుంది, బోస్టన్‌ది వేరే కథ. 1763లో ఫ్రాన్స్‌తో యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ నెత్తిన కొండంత అప్పు. అందులో కొంత అమెరికాలోని తన వలస రాజ్యాల దగ్గర రాబడదామని 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. దస్తావేజులు, పత్రికలే కాదు, పేకముక్కలకు కూడా స్టాంపే! గొడవ ముదిరి మరుసటి ఏడాది రద్దు చేశారు గానీ, 'మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాకుంది' అని అదే రోజు ఇంకో చట్టం చేసిపెట్టుకున్నారు. అసలు చిక్కు అక్కడుంది బాబూ. ఈస్టిండియా కంపెనీ గోడౌన్లలో టీ పేరుకుపోతే, దాన్ని తన ఏజెంట్ల ద్వారా నేరుగా అమ్ముకోమని 1773లో అనుమతిచ్చారు. ధర తగ్గింది నిజమే, కానీ పౌనుకు 3 పెన్నీల పన్ను అలాగే ఉంచారు. చౌకగా వచ్చింది కదా అని తాగితే, పార్లమెంటులో తమ ప్రతినిధి ఒక్కడూ లేకపోయినా పన్ను ఒప్పుకున్నట్టే. పైగా అక్కడి వ్యాపారుల నోట్లో మట్టి. టీ పారబోసినందుకు బోస్టన్ రేవు మూసేసేసరికి, ఇవాళ వాళ్లు రేపు మనం అని మిగతా వలసలూ కదిలాయి.

కావలి నుంచి:
యుద్ధం నడిచిన తీరు కూడా చెప్పండి మాస్టారూ. ఇంగ్లీషువాళ్లు న్యూయార్క్ పట్టుకున్నారు, ఫిలడెల్ఫియా పట్టుకున్నారు, అయినా ఓడిపోయారు.

నెల్లూరు మాస్టారు (రిటైర్డ్):
ఊళ్లు పట్టుకోవడం వేరు, అంత దేశాన్ని చేతిలో ఉంచుకోవడం వేరు. తిండిగింజలూ మందుగుండూ సముద్రం దాటి రావాలి. అమెరికా సేనాని వాషింగ్టన్ చాలా యుద్ధాల్లో ఓడాడు, కానీ సైన్యాన్ని చెదరనివ్వలేదు, అదే అతని గొప్ప. 1777లో సరటోగా దగ్గర ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం లొంగిపోయాక, వీళ్లు గెలవగలరని ఫ్రాన్స్‌కు నమ్మకం కుదిరి 1778లో చేతులు కలిపింది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచి నావికాదళం సముద్రం వైపు దారి మూసేసింది, నేల మీద వాషింగ్టన్, ఫ్రెంచి సైన్యం. బ్రిటిష్ సేనాని కారన్‌వాలీస్ లొంగిపోయాడు. ఫ్రెంచివాళ్లు లేకుండా ఆ గెలుపు లేదని నా అభిప్రాయం.

కావలి నుంచి:
ఇంకో ముక్క. ఆ యుద్ధం ఇటు మన తీరానికీ వచ్చింది. 1783 జూన్‌లో కడలూరు దగ్గర ఇంగ్లీషు, ఫ్రెంచి ఓడలు కొట్టుకున్నాయి. అప్పటికే యూరప్‌లో సంధి మాటలు అయిపోయాయి, కబురు ఇక్కడికి చేరలేదంతే. పాపం, ఆ చచ్చినవాళ్లు దేనికి చచ్చినట్టు? ఇక ఆ టీ కంపెనీయే 1801లో కర్ణాటక నవాబు నుంచి మన నెల్లూరును తీసుకుంది.

టంగుటూరు కుర్రాడు:
థాంక్స్ అన్నా, మాస్టారూ. ఆగండాగండి, ఈ కారన్‌వాలీస్, మన శాశ్వత శిస్తు కారన్‌వాలీస్ ఒక్కడేనా? ఇద్దరనుకుని రెండు నోట్‌బుక్కుల్లో వేర్వేరుగా రాసుకున్నా.

నెల్లూరు మాస్టారు (రిటైర్డ్):
ఒక్కడే నాయనా. అక్కడ లొంగిపోయిన 5 ఏళ్లకు 1786లో ఇక్కడ గవర్నర్ జనరల్‌గా దిగాడు.