‘షావుకారు తరఫున’ అంటే ఎవరి తరఫున?

ప్రశ్న (గుణుపురం నుంచి): మా వాళ్లు అమ్మిన చింతపండు చీటీ మీద కొనుబడి ఏజెంటు ‘షావుకారు తరఫున’ అని రాసి సంతకం పెట్టాడు. ఏ షావుకారో రాయలేదు. డబ్బు అడిగితే ‘నేను తరఫున వచ్చినవాణ్ణే కదా’ అంటున్నాడు. ఆ మాటకు అర్థం అదేనా మాస్టారూ?

జవాబు (పర్లాకిమిడి నుంచి): కాదు బాబూ. తరఫు అంటే పక్షం. పక్షం అన్నాక అక్కడ ఊరూ పేరూ ఉన్న మనిషి ఒకడు నిలబడాలి. వ్యాకరణానికి ‘షావుకారు’ అన్న మాట సరిపోతుంది, చట్టానికి చాలదు.

ఇక్కడ ఒడిశాలోనైనా, ఎల్ల దాటి ఆంధ్రలోని పాతపట్నంలోనైనా వర్తించేది 1872 నాటి కాంట్రాక్టు చట్టమే. యజమాని కోసం చేసిన బేరానికి ఏజెంటు సొంతంగా బాధ్యుడు కాడనేది 230వ సెక్షన్‌లో మామూలు సూత్రం. అయితే యజమాని పేరు చెప్పకపోతే ఏజెంటే బాధ్యుడని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని ఒప్పందం ఉంటే అది అతను చూపించాలి. షావుకారు ఎవరో తర్వాత తేలినా ఏజెంటు తప్పించుకోలేడు: 233వ సెక్షన్ ప్రకారం ఇద్దరిలో ఎవరినైనా, ఇద్దరినీ అయినా అడగవచ్చు. కొండ దిగి సరుకు తెచ్చే సవర రైతుకు కళ్లెదుట కనిపించేది ఏజెంటు ఒక్కడే. అందుకే ఈ నియమం నాకు ఎంతో న్యాయంగా అనిపిస్తుంది.

పేరుండి మనిషి లేకపోతే? ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న సామెత సరిగ్గా ఇక్కడికే వస్తుంది. 1866లో ఇంగ్లండులో కెల్నర్, బాక్స్టర్ల కేసులో ఇంకా ఏర్పడని హోటల్ కంపెనీ తరఫున కొందరు ద్రాక్షసారా కొన్నారు. సారా ఖర్చయిపోయింది, తర్వాత ఏర్పడిన కంపెనీ దివాలా తీసింది. సంతకం పెట్టినవాళ్లే డబ్బు కట్టాలంది కోర్టు. బేరం నాటికి పుట్టని కంపెనీ, పుట్టాక ఆ బేరాన్ని ఆమోదించడం కుదరదని చెప్పింది. మన దగ్గర 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కొంత సడలింపు ఇచ్చింది: కంపెనీ అవసరాలకే చేసిన ఒప్పందమై, దాని నిబంధనలకు లోబడి ఉండి, కంపెనీ పుట్టాక దాన్ని ఒప్పుకుని ఎదుటివారికి తెలిపితే కంపెనీ మీదా దావా నడుస్తుంది.

అధికారం లేకుండానే ‘ఫలానా వారు పంపారు’ అని నమ్మించినవాడి సంగతి 235వ సెక్షన్‌లో ఉంది. ఆ ఫలానా వారు బేరం ఒప్పుకోకపోతే నష్టపరిహారం అతనే కట్టాలి.

ప్రశ్న: అయితే చీటీ ఎలా రాయించుకోవాలి?

జవాబు: ‘తరఫున’కు ముందు షావుకారు పూర్తి పేరు, ఊరు, దుకాణం రాయించండి. కింద ఏజెంటు తన పేరు, ఊరు కూడా రాయాలి. షావుకారు పేరు రాయడానికి వెనకాడితే, ఆ ‘తరఫున’ కొట్టేయించి సొంత పేరు మీదే సంతకం పెట్టించండి.