పరామర్శకొచ్చేవాళ్ళని ఆపేస్తే ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు తగ్గుతాయా?

కాలవగట్టు (భీమవరం):
మా మేనత్తకి తుంటి ఆపరేషనైంది. ఇంటికి పంపేస్తారనగా కుట్ల దగ్గర చీము పట్టింది. ఊరంతా చూడ్డానికి రావడం వల్లేనని ఇంట్లో అందరి మాట. ఆసుపత్రివాళ్ళు కూడా ఇప్పుడు ‘రోగికి ఒక్క మనిషే’ అని బోర్డు పెట్టారు. మన వైపు పెళ్ళికి వెళ్ళకపోయినా సర్దుకుంటారు గానీ, ఆసుపత్రికి వెళ్ళకపోతే మాటలుండవు. అయినా సరే ఆపాల్సిందే అంటాను. మీరేమంటారు?

ఓపీ చీటీ (అమలాపురం):
నేను ఆసుపత్రి నడిపే పనిలో ఉన్నాను, మీతో ఏకీభవిస్తాను. చెరువు గట్టు మీంచి నేరుగా వచ్చి మంచమ్మీద కూర్చుంటారు. దగ్గుతూనే పసిబిడ్డని ఎత్తుకుంటారు. సాయంత్రం గంటసేపు, ఇద్దరు చాలు.

రాత్రి డ్యూటీ (కాకినాడ):
దగ్గు, జలుబు సంగతి ఒప్పుకుంటానండి. కుట్ల చీముకీ, మూత్రం గొట్టం వల్ల వచ్చే జ్వరానికీ బంధువుల్ని ముద్దాయిల్ని చెయ్యకండి. క్రిములు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి చేరేది ఎక్కువగా మా చేతుల మీదే. నేను నర్సుని, చెప్పడానికి సిగ్గేం లేదు. ఒకప్పుడు ఆస్ట్రియాలోని వియన్నాలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే కాన్పుల వార్డులో, మంత్రసానుల వార్డులో కంటే ఎక్కువమంది బాలింతలు పోయేవారు. శవాల్ని కోసిన చేతులతోనే కాన్పులు చేసేవారు మరి. 1847లో అక్కడి డాక్టరు సెమ్మెల్‌వైస్ బ్లీచింగ్ నీళ్ళలాంటి ద్రావణంతో చేతులు కడిగించాకే చావులు తగ్గాయి. అక్కడ చుట్టాల్ని ఆపలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం, ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో ధనిక దేశాల్లో 7గురికీ, మనలాంటి దేశాల్లో 15 మందికీ అక్కడే ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. తేడా ఎక్కడో మా వార్డుకొస్తే తెలుస్తుంది. రాత్రి మంచాలన్నీ నావే, సింకు ఆ చివర. వేసవిలో కాలవలకి నీళ్ళు ఆపేశాక సింకులో నీళ్ళొస్తాయన్న నమ్మకమూ లేదు.

ఓపీ చీటీ:
శానిటైజర్ పెట్టించాం కదండీ. సీసాలు మాయమవుతున్నాయి.

రాత్రి డ్యూటీ:
మంచం పక్కనే గోడకి బిగించండి. చేతికందితే 20, 30 సెకన్ల పని. ఖరీదంటారా, 80 శాతం ఇథనాల్, కాస్త గ్లిజరిన్, కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్, మరిగించి చల్లార్చిన నీళ్ళు: ఆసుపత్రి ఫార్మసీలోనే కలుపుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థే కొలతలతో సహా ఇచ్చింది. చేతికి రక్తమో మలమో అంటితే మాత్రం సబ్బూ నీళ్ళే. కాబట్టి శానిటైజర్ కొన్నామని నీళ్ళ ట్యాంకు సంగతి వదిలెయ్యకూడదు.

లంకవాసి:
ఒక్క మనిషే అంటున్నారు, ఆ మనిషి ఎప్పుడు పడుకోవాలి? మా నాన్నగారి మూత్రం సంచి ఖాళీ చేసిందీ, ఒళ్ళు తుడిచిందీ, పక్క మార్చిందీ నేనూ మా అక్కానే. ఎలా చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. పక్క మంచాయన వాడిన మగ్గే మాకూ ఇచ్చారు.

రాత్రి డ్యూటీ:
ఆ మగ్గే అసలు దొంగ! ఎవరి మగ్గు వాళ్ళకుండాలి. సంచి నేలకి తగలకూడదు, ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి. ముందూ వెనకా చేతులు కడుక్కోవాలి. రోజూ రౌండ్లో ‘ఈ గొట్టం ఇంకా అవసరమా డాక్టరుగారూ’ అని అడగండి. అవసరం తీరినా తియ్యడం మర్చిపోయిన గొట్టాలు బోలెడు.

ఉయ్యాల (రాజమండ్రి):
పసిపిల్లల వార్డు గురించి ఒక మాట. మన దేశంతో కలిపి 5 దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో వచ్చింది. బరువు బాగా తక్కువగా పుట్టిన బిడ్డల్ని పుట్టగానే తల్లి గుండెలకి ఆనించి, తల్లినీ ఆ ప్రత్యేక వార్డులోనే ఉంచితే మరణాలు పావు వంతు తగ్గాయి, ఒంట్లోకి పాకే ఇన్ఫెక్షన్లూ తగ్గాయి. ఇక్కడేమో తల్లిని అద్దం బయట నిలబెడతాం.

ఓపీ చీటీ:
తల్లి వేరు, ఇరవైమంది చుట్టాలు వేరు.

రాత్రి డ్యూటీ:
అది నిజమే. కాలవగట్టుగారూ, ఆపరేషన్‌కి ముందు మీ అత్తయ్యగారికి బ్లేడుతో వెంట్రుకలు తీశారా?

కాలవగట్టు:
ముందురోజు రాత్రే గీశారు. ఏం?

రాత్రి డ్యూటీ:
చీముకి అదే కారణమని ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ బ్లేడు వల్ల కంటికి కనపడని గాట్లు పడతాయి, వాటిలో క్రిములు చేరతాయి. అందుకే బ్లేడు వద్దంటారు. తప్పదంటే క్లిప్పర్ (వెంట్రుకలు కత్తిరించే మిషను) వాడాలి. ఆపరేషన్‌కి ముందు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ ఏ టైముకిచ్చారో కూడా కేసుషీట్లో చూడండి.

ఓపీ చీటీ:
క్లిప్పర్ కొనమని రేపే రాస్తాను, మగ్గులూ మనిషికొకటి ఇప్పిస్తాను. బోర్డు మాత్రం తియ్యను.

లంకవాసి:
అయితే దాని మీద ‘ఇద్దరు’ అని దిద్దించండి.