'మీ రెండిండ్లకు గత్తర రాను!': మెర్క్యూషియో తిట్టుకు తెలుగు

షేక్‌స్పియర్ నాటకం రోమియో అండ్ జూలియెట్ మూడో అంకం మొదటి రంగంలో, రోమియో స్నేహితుడు మెర్క్యూషియో కత్తిపోటు తిని ప్రాణం పోతుండగా, పగతో ఉన్న కాపులెట్, మాంటెగ్యూ కుటుంబాలు రెంటినీ 'ఎ ప్లేగ్ ఓ బోత్ యువర్ హౌసెస్' (మీ రెండిళ్ళకూ ప్లేగు రాను) అని తిడతాడు. దాన్ని తెలుగులో ఎలా పలికించాలన్నది ప్రశ్న. ఇప్పటిదాకా వచ్చిన సూచనల్లో 'మీ ఉభయ వంశములు నశించుగాక' నాకు అస్సలు నచ్చలేదండీ. కత్తిపోటు తిన్నవాడు అంత తీరిగ్గా శపించడు. అది మునిశాపం. ఇక్కడ కావలసింది వీధిలో తిట్టు.

'మీ ఇంట పీనుగెళ్ళ' అన్న సూచన బాగుంది. నాటకంలో చివరికి జరిగేది అదే. కాపులెట్ల ఇంట జూలియెట్, ఆమె మేనమామ కొడుకు టిబాల్ట్ పోతారు. మాంటెగ్యూల ఇంట రోమియో, అతన్ని ఊరినుంచి వెళ్ళగొట్టారన్న దిగులుతో అతని తల్లి. తిట్టినవాడేమో రెండిళ్ళకూ చెందడు, వెరోనా ప్రభువు బంధువు. టిబాల్ట్‌తో కత్తులు దూసినప్పుడు విడదీద్దామని రోమియో మధ్యలోకి వస్తే, రోమియో చేతికిందనుంచి టిబాల్ట్ మెర్క్యూషియోని పొడిచేస్తాడు. ఆ రెండిళ్ళ పగ ఎందుకొచ్చిందో కూడా నాటకంలో ఎక్కడా చెప్పరు, పాత కక్ష అంటారంతే.

అయితే పీనుగు అంటే రోగం మాయమైపోతుంది. ఐదో అంకంలో కథను ముంచేది ఆ రోగమే. జూలియెట్ నిజంగా చనిపోలేదని చెప్పే ఉత్తరం మాంటువా ఊళ్ళో ఉన్న రోమియోకి చేరాలి. తీసుకెళ్ళాల్సిన ఫ్రయర్ జాన్ అనే క్రైస్తవ సన్యాసి, తోడు కోసం రోగులను చూస్తున్న మరో సన్యాసి దగ్గరికి వెళ్తాడు. వీళ్ళు అంటురోగం ఉన్న ఇంట్లో ఉన్నారేమోనని ఊరి తనిఖీవాళ్ళు తలుపులకు సీలు వేసేస్తారు. ఉత్తరం తిరిగి పంపుదామన్నా, అంటుకుంటుందన్న భయంతో దాన్ని ముట్టుకునేవాడు లేడు. షేక్‌స్పియర్ కథ తీసుకున్నది ఆర్థర్ బ్రూక్ 1562లో అచ్చువేసిన కావ్యం నుంచి. ఉత్తరాన్ని ఆపింది అందులోనూ ప్లేగే, కానీ మెర్క్యూషియో చావు లేదు, ఈ తిట్టూ లేదు. అవి షేక్‌స్పియర్ చేర్చినవి. 1592-94 మధ్య ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలాకాలం మూతపడ్డాయి కూడా. ఆ ప్రేక్షకులకు ఇది ఊరికే నోటికొచ్చిన తిట్టులా వినిపించి ఉండదు.

అందుకే రోగం పేరూ ఉండాలి, 'ఇల్లు' అన్న మాటా ఉండాలి. వంశం, కుటుంబం అంటే ఆ సీలు వేసిన తలుపుకీ దీనికీ ఉన్న ముడి తెగిపోతుంది. 'మహమ్మారి' అనొచ్చుగానీ, కరోనా తర్వాత అది వార్తల మాటైపోయింది. నా ఓటు తెలంగాణ 'గత్తర'కి. గత్తరంటే కలరా, ప్లేగు కాదు, నిజమే. కానీ ఊళ్ళను ఖాళీ చేసిన రోగం, ఇంకా జనం నోట్లో తిట్టుగా బతికే ఉంది. 'మీ రెండిండ్లకు గత్తర రాను!' అని నటుడు ఒక్క ఊపులో అనగలడు.

ఇంకో సంగతి. మెర్క్యూషియో ఆ తిట్టు మళ్ళీ మళ్ళీ అంటాడు. రంగం విడిచిపోతూ మాత్రం 'యువర్ హౌసెస్' అని ఆగిపోతాడు. మన వాక్యంలో ఇల్లు ముందు, రోగం తర్వాత వస్తాయి కాబట్టి అక్కడ 'మీ ఇండ్లకు...' అని వదిలేస్తే చాలు. మిగతాది పూర్తిచేసేంత ఊపిరి అతనికి లేదని వినేవాళ్ళకి అర్థమైపోతుంది.