బడి వంటగది, మంచినీళ్ల ట్యాంకు: ఊరు ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న (దేవరకొండ దగ్గరి పల్లె)
పోయిన నెల ఒక ఉదయం మా బడి ట్యాంకు మూత ఊడి పక్కన పడి ఉండటం వంట చేసే అక్క చూసింది. కోతులు లాగాయో, మనిషే తీశాడో తేలలేదు. నీళ్లన్నీ పారబోసి, ట్యాంకు కడిగి మళ్లీ నింపాము. ఎవరైనా కావాలని పిల్లల అన్నంలోనో నీళ్లలోనో ఏదైనా కలపకుండా ఊరు ముందుగా ఏమేం చేసుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత ఉపాధ్యాయుడు, అచ్చంపేట)
మీ భయం ఉత్తది కాదు. 1984లో అమెరికాలోని ది డాలెస్ పట్టణంలో, స్థానిక ఎన్నికలో గెలవాలని రజనీష్ (ఓషో) అనుచరులు కొందరు హోటళ్ల సలాడ్లలో సాల్మొనెల్లా క్రిములు కలపగా 751 మంది జబ్బుపడ్డారు. వంటవాళ్ల అశుభ్రతే కారణమని మొదట అనుకోవడంతో అసలు సంగతి బయటపడటానికి ఏడాది పట్టింది. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లా బడిలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. అది మన పత్తి చేలలో కొట్టిన మందే. అందుకే మందు డబ్బా ఖాళీదైనా సరే వంటగది గడప దాటి లోపలికి రాకూడదు, సీలు లేని నూనె తీసుకోకూడదు, సరుకుల గదికి తాళం ఉండాలి. వడ్డించే ముందు ఒక ఉపాధ్యాయుడు సహా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలన్న నిబంధనను సంతకానికే పరిమితం చేయకండి. అన్నిటికన్నా ముఖ్యం, నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి అంటే ఆ పూట వంట ఆపగలిగే అధికారం ఆమెకు ఇవ్వండి. సరుకును రోజూ చేత్తో ముట్టుకునేది ఆమే కదా.

జవాబు (ఆరోగ్య కార్యకర్త, జడ్చర్ల)
సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఆ నీళ్లు పిల్లలకు ఇవ్వకపోవడం మంచిదే కానీ, పారబోసే ముందు శుభ్రమైన సీసాలో కొన్ని పట్టి, మూత బిగించి, తేదీ రాసి పరీక్షకు ఉంచవలసింది. పిల్లలకు వాంతులు, చొంగ, చెమటలు, ఆయాసం కనిపిస్తే బలవంతంగా వాంతి చేయించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగిలిన అన్నం, కూర, అనుమానమున్న డబ్బా పిల్లలకు అందకుండా పక్కన పెట్టి, ఎవరు ఏమి ఎప్పుడు తిన్నారో రాసి డాక్టరుకు ఇవ్వండి. ఫలానా వాళ్లే కలిపారని వాట్సాప్‌లో పేర్లు పెట్టవద్దు. నిజం తేలకముందే ఒక ఇల్లు వెలి అవుతుంది.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ నమస్కారం. సీసా సంగతి మాకు నిజంగా తట్టలేదు. నిన్న ట్యాంకు మూతకు గొలుసు వేసి తాళం పెట్టించాము. ఒక తాళంచెవి ప్రధానోపాధ్యాయుడి దగ్గర, రెండోది వంట చేసే అక్క దగ్గర ఉన్నాయి.