ఊరి దిగుడుబావిని బాగుచేయాలనుకుంటున్నాం, పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. మాది ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక చిన్న గ్రామం. శివాలయం వెనుకనున్న రాతి దిగుడుబావి మా తాతల కాలంలో ఊరంతటికీ తాగునీరు ఇచ్చిందట. ఇప్పుడది చెత్తతో, ముళ్లకంపతో నిండిపోయింది. ఇరవై మందిమి కలిసి వచ్చే వేసవిలో పూడిక తీసి, రాళ్ల సందులను సిమెంటుతో నింపి, మెట్లకు రంగులు వేయాలనుకున్నాం. మెట్ల పక్కన అక్షరాలున్న రాయి ఒకటి ఉంది. దానిమీద ఎవరో ఎప్పుడో సున్నం పూశారు, గీకి తీయవచ్చా? అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం: మీ సంకల్పానికి మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాను. అయితే సిమెంటు, రంగులు అన్న రెండు ఆలోచనలనూ ఇప్పుడే విరమించుకోండి. ఇలాంటి బావుల్లో చాలావాటికి రాళ్లను అడుసు లేకుండా పేర్చి ఉంటారు. ఆ సందుల గుండానే ఊట బావిలోకి దిగుతుంది. వాటిని సిమెంటుతో మూసేస్తే ఊట ఆగిపోవడమే కాక, వానాకాలంలో గోడ వెనుక మట్టిలో చేరిన నీరు బయటికి దారిలేక గోడను ముందుకు నెడుతుంది. మా ఊరి బావికి పదేళ్ల కిందట మేమే చందాలు వేసుకుని ఈ తప్పు చేయించాం. మూడో వానాకాలానికి ఒక పక్క గోడ ఉబ్బింది. ఆ బాధతోనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రాయి కదిలించేముందు నాలుగు వైపులా, ప్రతి మెట్టుకూ ఫొటోలు తీసి, కొలతలు రాసి పెట్టుకోండి. తీయక తప్పని రాయికి సుద్దముక్కతో అంకె వేస్తే తిరిగి అదే చోట పెట్టగలుగుతారు. గోడలో మొలిచిన రావిమొక్కను పీకవద్దు, వేరుతోపాటు రాళ్లూ ఊడివస్తాయి. మొదలుకంటా కోసి, చిగురించినప్పుడల్లా కోస్తూ ఉండాలి.

నీరు తోడేటప్పుడు తొందర అసలు పనికిరాదు. గోడ వెనుక మట్టి తడిగా బరువెక్కి ఉండగా లోపలి నీరంతా ఒక్కసారిగా తీసేస్తే ఆనుకోవడానికి ఏమీ లేక గోడ కూలవచ్చు, కాబట్టి రోజుకు కొంత చొప్పున తగ్గించండి. డీజిలు ఇంజనును బావి లోపలికి దించకండి, దాని పొగ ప్రాణాంతకం. కుళ్లిన పూడికను కదిపితే విషవాయువులు లేస్తాయి. గాలి పరీక్ష చేయించకుండా, నడుముకు తాడు లేకుండా, పైన కనిపెట్టుకుని ఉండే మనుషులు లేకుండా ఎవరినీ అడుగుకు దిగనివ్వవద్దు.

మరొకరి సమాధానం: పై మాటలకు అనుమతుల సంగతి చేర్చాలి. బావి గుడి ఆస్తి అయితే దేవాదాయ శాఖను, కాకపోతే పంచాయతీని, రెవెన్యూ వారిని రాతపూర్వకంగా అడగండి. అది రక్షిత కట్టడమేమో పురావస్తు శాఖను ముందే విచారించండి. కేంద్ర రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా చేయి వేయడం 1958 నాటి చట్టం ప్రకారం నేరం. పూడికలో విగ్రహాలో నాణేలో దొరికితే పంచుకోవడం, ఇంట్లో దాచడం కూడదు; 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

శాసనం మీది సున్నాన్ని గీకవద్దు, ఆమ్లంతో కడగవద్దు. అక్షరాల అంచులు పోతే అవి మళ్లీ రావు. చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి పక్కనుంచి ఏటవాలుగా పట్టి ఫొటోలు తీయండి, పగలు కనిపించని గీతలు కూడా నీడలతో తేలుతాయి. వాటిని రాష్ట్ర పురావస్తు శాఖకు గాని, మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి గాని పంపండి.

ప్రశ్నించినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. బావి పైనున్న చిన్న మంటపం ఇటుకతో కట్టినది, పూత రాలుతోంది. దానికైనా సిమెంటు వేయవచ్చా?

మొదటి సమాధానకర్త: అక్కడా వద్దండి. పాత ఇటుక తేమను పీల్చి వదులుతుంది, సున్నపు పూత దానికి దారి ఇస్తుంది, సిమెంటు ఇవ్వదు. లోపల చిక్కిన తేమతో లవణాలు పేరుకుని ఇటుకే పొడిగా రాలుతుంది. రాలిన పూతముక్కను దాచి నిపుణులకు చూపిస్తే పాతవారు సున్నంలో ఇసుక, ఇటుకపొడి ఏ పాళ్లలో కలిపారో తెలుస్తుంది. సున్నంలో కలిపే కరక్కాయ, బెల్లం నీళ్ల సంగతి కూడా ఆ తరువాతి మాటే. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరికేవరకు మంటపం పైకప్పు పగుళ్లలోంచి వాన దిగకుండా టార్పాలిన్ కప్పి ఉంచండి, ఈ ఏటికి అది చాలు.